రూమ్‌లో పీసీ, ఊళ్ళో నేను: పైకేవీఎమ్ కట్టిన డైరీ

ఇంకెవరైనా ఇదే కట్టుకోవాలనుకుంటే నేను పడ్డ తిప్పలు పడకూడదని రాస్తున్నా. తేదీలు, కొలతలు, ఖర్చులు నోట్‌బుక్‌లో రాసుకున్నవే, అలాగే దించేశా.

బెంగళూరు మారతహళ్ళిలో మా రూమ్‌లో ఒక అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది, రాత్రంతా బ్లెండర్ (3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్) రెండర్లు దాని మీదే నడుస్తాయి. శని ఆదివారాలు నేను మదనపల్లె పోతుంటా. రూమ్‌లో కరెంటు ఒకసారి పోయి వచ్చిందంటే పీసీ లేస్తుంది కానీ నల్ల స్క్రీన్ మీద ఎఫ్1 నొక్కమని ఆగిపోతుంది. దూరం నుంచి పీసీ వాడే ఎనీడెస్క్ లాంటివన్నీ విండోస్ లేచాకే కదా పనిచేసేది, బయాస్ (విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) దగ్గర ఆగిన మెషీన్‌ని అవేం చేయలేవు. ప్రతిసారీ రూమ్మేట్‌కి ఫోన్ చేయడం, వాడు నిద్రమత్తులో లేచి "రేయ్ ఏదో తెల్లగా రాసుంది, ఎఫ్1 అంటుంది, ఎఫ్2 అంటుంది, ఏది కొట్టాలి" అనడం. వాడు రూమ్‌లో లేని వారం పని మొత్తం ఆగినట్టే.

విండోస్ లేవకపోయినా దూరం నుంచి మెషీన్‌ని నడపడానికి సర్వర్ బోర్డుల్లో ఐపీఎమ్ఐ అని ఉంటుంది, ఇంటెల్ వీప్రో ఉన్న ఆఫీస్ మెషీన్లలో ఏఎమ్‌టీ ఉంటుంది. నాది మామూలు బోర్డు, రెండూ లేవు. అందుకే పైకేవీఎమ్: ఒక రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు, ఇక్కణ్ణుంచి 'పై' అంటే అదే) పీసీ హెచ్‌డీఎమ్ఐ నుంచి బొమ్మ తీసుకుని బ్రౌజర్‌లో చూపిస్తుంది, యూఎస్‌బీ వైపు నుంచి తానే కీబోర్డు మౌస్ అని పీసీకి చెప్పుకుంటుంది. పీసీలో ఏ సాఫ్ట్‌వేర్ వేయక్కర్లేదు.

కావాల్సినవి ఇలా రాసుకున్నా:

1. బయాస్ స్క్రీన్ కనపడాలి
2. బయాస్‌లో కూడా కీబోర్డు పనిచేయాలి
3. పవర్ బటన్ దూరం నుంచి నొక్కగలగాలి
4. పీసీకి ఏమైనా సరే ఈ డబ్బా మాత్రం బతికే ఉండాలి

నాలుగోది నిజానికి మొదట్లో లిస్టులో లేదు, సగం ప్రాజెక్టు అయ్యాక చేర్చా. నా తప్పుల్లో కొన్ని దాన్ని ముందే రాసుకోకపోవడం వల్ల జరిగినవే, కింద చూస్తే మీకే తెలుస్తుంది.

స్టేజ్ 1: సామాన్లు (మార్చి 8)

శనివారం ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్‌పీ రోడ్‌కి పోయా. కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి చిక్‌పేట్‌లో దిగితే అక్కణ్ణుంచి నడకే. ఆదివారం పోవద్దు, చాలా షాపులు మూసుంటాయి.

పై 5 తీసుకోవద్దు. కొత్తది కదా, ఇంకా బాగుంటుందేమో అనిపిస్తుంది, కానీ అందులో హెచ్264 హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ (వీడియోని కుదించి పంపే భాగం) తీసేశారు, పై 4లో ఉంది. ఈ పనికి ఆ ఎన్‌కోడరే ప్రాణం.

కొన్నవి:
- పై 4, 2 జీబీ: ₹4,600
- 32 జీబీ మెమరీ కార్డు: ₹450
- 5.1 వోల్టుల 3 ఆంప్స్ అడాప్టర్: ₹850
- హెచ్‌డీఎమ్ఐ యూఎస్‌బీ క్యాప్చర్ డాంగిల్ (పీసీ బొమ్మని యూఎస్‌బీలో పైకి అందించేది, బ్రాండ్ లేనిది, లోపల ఎమ్‌ఎస్2109 చిప్): ₹650
- హెచ్‌డీఎమ్ఐ కేబుల్: ₹200

ఇప్పటిదాకా ఖర్చు: ₹6,750

డాంగిల్ మీద 4కే అని పెద్దక్షరాలతో ఉంటుంది, దాన్ని నమ్మి ఎక్కువ డబ్బులు పెట్టకండి. 4కే సిగ్నల్‌ని లోపలికి తీసుకుంటుందనే దాని అర్థం, బయటికి ఇచ్చేది మాత్రం 1080పీ, సెకనుకి 30 ఫ్రేములు.

స్టేజ్ 2: బొమ్మ (మార్చి 9 నుంచి 14)

మెమరీ కార్డులో పైకేవీఎమ్ ఇమేజ్ (సాఫ్ట్‌వేర్ మొత్తం ఉన్న ఫైలు) రాసి, డాంగిల్ పెట్టి, పై ఆన్ చేస్తే పది నిమిషాల్లో బ్రౌజర్‌లో విండోస్ డెస్క్‌టాప్ వచ్చేసింది. పీసీ రీస్టార్ట్ చేసి బయాస్ కోసం చూస్తే ఏమీ లేదు, మొత్తం నలుపు. విండోస్ లోగో దగ్గర మళ్ళీ బొమ్మ వచ్చింది.

రెండు రోజులు సెట్టింగ్స్‌లో వెతికా, అసలు తప్పు కేబుల్ పెట్టిన చోట ఉంది. నా మానిటర్ గ్రాఫిక్స్ కార్డు హెచ్‌డీఎమ్ఐలో ఉందని, రాస్ప్‌బెర్రీ పైకి పోయే కేబుల్‌ని మదర్‌బోర్డు హెచ్‌డీఎమ్ఐలో పెట్టా. విండోస్ లేచాక రెండు పోర్టులూ పనిచేస్తాయి, కానీ బయాస్ బొమ్మ నా బోర్డులో గ్రాఫిక్స్ కార్డు నుంచి మాత్రమే వస్తుంది. మానిటర్‌ని డిస్‌ప్లేపోర్ట్‌కి మార్చి, కార్డు హెచ్‌డీఎమ్ఐని పైకి ఇచ్చా, బయాస్ కనపడింది.

తర్వాత ఆలస్యం కొలిచా. పద్ధతి ఇది, ఎవరైనా చేయొచ్చు:

1. పీసీలో మిల్లీసెకన్లు చూపించే స్టాప్‌వాచ్ పేజీ తెరవాలి
2. పీసీ మానిటర్‌నీ, పైకేవీఎమ్ తెరిచిన ల్యాప్‌టాప్‌నీ పక్కపక్కన పెట్టాలి
3. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయాలి
4. ఒక ఫ్రేమ్‌లో ఆపి రెండు అంకెల తేడా చూడాలి

డాంగిల్‌తో పదిసార్లు చూస్తే సగటు 230 మిల్లీసెకన్లు. ఎఫ్1 నొక్కడానికి అది చాలు, కానీ మౌస్‌తో ఏదైనా పట్టి లాగాలంటే చేయి తడబడుతుంది. దానికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి, పీసీ రీబూట్ అయ్యేటప్పుడు రిజల్యూషన్ మారుతుంది కదా, ఐదుసార్లలో రెండుసార్లు అక్కడే బొమ్మ బిగుసుకుపోయింది. డాంగిల్ పీకి పెడితే తప్ప రాలేదు. నేను మదనపల్లెలో ఉంటే దాన్ని పీకేది ఎవరు?

అందుకే కెమెరా పోర్టుకి పెట్టే హెచ్‌డీఎమ్ఐ బోర్డు తెప్పించా, టోషిబా టీసీ358743 చిప్ ఉన్నది, ₹2,700.

ఇప్పటిదాకా ఖర్చు: ₹9,450

ఇక్కడ వరసగా మూడు తప్పులు చేశా.

మొదటిది, పై మీద ఒకే సైజు రిబ్బన్ కనెక్టర్లు రెండుంటాయి. ఒకటి డిస్‌ప్లేకి, బోర్డు చివర్లో. ఇంకొకటి కెమెరాకి, హెచ్‌డీఎమ్ఐకీ ఆడియో జాక్‌కీ మధ్యలో. నేను డిస్‌ప్లే దాంట్లో పెట్టా. ఏమీ కాలిపోలేదు, ఏమీ రాలేదు కూడా. కెమెరా కనెక్టర్‌లో రిబ్బన్ నీలం వైపు ఈథర్‌నెట్ పోర్టు వైపుకి, మెరిసే పిన్నుల వైపు హెచ్‌డీఎమ్ఐ వైపుకి ఉండాలి.

రెండోది, డాంగిల్‌కి వేసిన ఇమేజ్‌నే వాడా. పైకేవీఎమ్‌లో డాంగిల్‌కి ఒక ఇమేజ్, కెమెరా పోర్టు బోర్డుకి వేరే ఇమేజ్. హార్డ్‌వేర్ మారిస్తే కార్డు మళ్ళీ రాయాలి.

మూడోది, విండోస్‌లో 1080పీ 60 హెర్ట్జ్ పెట్టి ఉంది. పై 4 కెమెరా పోర్టులో ఉన్నవి రెండే లేన్లు (డేటా పోయే దారులు), వాటిలో 1080పీ అయితే 50 హెర్ట్జ్ దాకానే పడుతుంది. విండోస్‌లో 50కి దించగానే బొమ్మ. 720పీ 60 కూడా నడుస్తుంది, ఊరి నుంచి మొబైల్ డేటాలో చూసేటప్పుడు నేను అదే పెడతా.

మళ్ళీ కొలిస్తే సగటు 110 మిల్లీసెకన్లు. ఇరవైసార్లు రీబూట్ చేశా, ఒక్కసారి కూడా బిగుసుకోలేదు.

స్టేజ్ 3: యూఎస్‌బీ, ఐదు వోల్టులు (మార్చి 14 నుంచి 17)

ఈ భాగం తొందరపడకుండా చదవండి, సామాను కాలిపోయే ఛాన్స్ ఉన్నది ఇక్కడే.

పై 4లో కీబోర్డులా నటించగలిగే యూఎస్‌బీ పోర్టు ఒక్కటే, కరెంటు వెళ్ళే ఆ సీ టైప్ పోర్టు. అంటే పవరూ డేటా రెండూ ఒకే కన్నంలోంచి పోవాలి. నేను సులువుగా ఉందని ఆ పోర్టు నుంచి నేరుగా పీసీ యూఎస్‌బీకి ఒక కేబుల్ వేసేశా, కీబోర్డు వచ్చింది, పై కూడా పీసీ కరెంటుతోనే నడిచింది, అడాప్టర్ అక్కర్లేదనుకున్నా.

గంటలో రెండుసార్లు పై దానంతటదే రీస్టార్ట్ అయింది. లాగ్‌లో చూస్తే అండర్‌వోల్టేజ్. 4.63 వోల్టుల కిందికి పోతే పై ఈ హెచ్చరిక ఇస్తుంది. మల్టీమీటర్ పెట్టి పై మీద 5 వోల్టుల పిన్ దగ్గర చూశా:

- ఊరికే ఉన్నప్పుడు: 4.81
- వీడియో నడిచేటప్పుడు: 4.66
- వీడియోతో పాటు వైఫై కూడా నడిచేటప్పుడు: 4.58

పైగా పీసీ షట్‌డౌన్ చేయగానే పై కూడా పోయింది. బయాస్‌లో పవర్ ఆదా ఆప్షన్ ఒకటి ఆన్‌లో ఉండటం వల్ల పీసీ ఆఫ్ అయ్యాక యూఎస్‌బీకి కరెంటు రావట్లేదు. అప్పుడు లిస్టులో నాలుగో లైను రాసుకున్నా. మునిగిపోయేవాణ్ణి లాగడానికి వెళ్ళేవాడు వాడి నడుముకే తాడు కట్టుకుని దిగితే ఎలా?

సరే, వై ఆకారంలో ఉండే సీ టైప్ స్ప్లిటర్ ఒకటి, మందపాటి కేబుల్ ఒకటి తెచ్చా. ఒక కాలు అడాప్టర్‌కి, ఒక కాలు పీసీకి.

స్ప్లిటర్ ₹350, కేబుల్ ₹300.
ఇప్పటిదాకా ఖర్చు: ₹10,100

వోల్టేజ్ 5.04కి వచ్చింది, బాగుంది. కానీ పీసీ ప్లగ్ గోడ నుంచి పీకేసినా క్యాబినెట్ లోపల ఒక చిన్న లైటు సన్నగా వెలుగుతూనే ఉంది. పీసీ ముందువైపు ఖాళీ యూఎస్‌బీ పోర్టులో మీటర్ పెడితే 4.9 వోల్టులు! ప్లగ్ పీకిన మెషీన్‌లో. షాపులో దొరికే స్ప్లిటర్‌లో మూడు కాళ్ళ ఎర్ర తీగలూ లోపల కలిసే ఉంటాయి, కాబట్టి నా అడాప్టర్ కరెంటు వెనక నుంచి మదర్‌బోర్డులోకి పోతోంది. ఇలా వారాల తరబడి వదిలేస్తే అడాప్టరో బోర్డో ఏదో ఒకటి పోతుంది.

చేసింది:

1. పీసీ వైపు పోయే కేబుల్ పైతోలు రెండు సెంటీమీటర్లు జాగ్రత్తగా కోశా
2. ఎర్ర తీగ ఒక్కటే కట్ చేశా. నలుపు, తెలుపు, ఆకుపచ్చ ముట్టుకోలేదు
3. తెగిన రెండు చివరలకీ విడివిడిగా హీట్ ష్రింక్ ట్యూబ్ వేశా
4. మీటర్ కంటిన్యుటీలో పెట్టి ఎర్ర తీగ నిజంగా తెగిందని చూశా, రంగులు నమ్మలేం, చీప్ కేబుళ్ళలో ఎర్రగా కనపడేది వేరేది కూడా అయ్యుండొచ్చు
5. పీసీ ప్లగ్ పీకి మళ్ళీ ఆ పోర్టు కొలిచా: 0.02 వోల్టులు

తీగ కోయడం ఇష్టం లేకపోతే ప్లగ్‌లో ఆ పిన్ మీద సన్నటి టేప్ అంటించేవాళ్ళూ ఉన్నారు. మన ఎండాకాలంలో టేప్ జిగురు కరిగి జారుతుంది, నాకు నమ్మకం లేదు.

ఇక కీబోర్డు. విండోస్‌లో బాగానే ఉంది, బయాస్‌లోకి పోదామని ఎఫ్2 కొడితే పట్టలేదు. బయాస్‌లో ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉంటే లేచేటప్పుడు యూఎస్‌బీని సరిగ్గా చూడకుండానే దాటేస్తుంది. మామూలు కీబోర్డుతో లోపలికి పోయి అది ఆఫ్ చేశా, పట్టింది. మౌస్ బయాస్‌లో కదల్లేదు, పైకేవీఎమ్ సెట్టింగ్‌లో మౌస్‌ని అబ్సల్యూట్ నుంచి రిలేటివ్‌కి మారిస్తే కదిలింది.

ఆ రాత్రే మొదటిసారి బయాస్ మెసేజ్ మొత్తం నా కళ్ళతో నేను చదివా. ఇన్నాళ్ళూ ఫోన్‌లో "ఏదో ఎఫ్1 అంటుంది" అని వినడమే. మొదటి లైన్‌లో తేదీ, టైమ్ సెట్ చేయలేదని రాసుంది. కరెంటు పోయిన ప్రతిసారీ బయాస్ అన్నీ మర్చిపోతోంది. మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్ళంత సీఆర్2032 సెల్ తీసి కొలిస్తే 2.41 వోల్టులు, అది 3 ఉండాలి. కొత్తది ₹40. ఎఫ్1 గొడవ దాంతోనే పోయింది!

ఇప్పటిదాకా ఖర్చు: ₹10,140

మరి ఇక ప్రాజెక్టు ఎందుకని రూమ్మేట్ అడిగాడు. విండోస్ అప్‌డేట్ మధ్యలో ఇరుక్కోవడం, డ్రైవర్ వల్ల బ్లూ స్క్రీన్ రావడం, ఇవి సెల్ మారిస్తే పోయేవి కావు. ఆ రెండూ నాకు గత ఏడాది జరిగాయి.

స్టేజ్ 4: పవర్ బటన్ (మార్చి 18 నుంచి 23)

నాకు బాగా బాధ కలిగించిన స్టేజ్ ఇది.

పీసీ ముందున్న పవర్ బటన్ అంటే మదర్‌బోర్డు మీద రెండు పిన్నులు ఒక్క క్షణం కలపడమే. జీపీఐఓ అంటే పై మీద సాఫ్ట్‌వేర్‌తో ఆన్ ఆఫ్ చేయగలిగే పిన్నులు. పైకేవీఎమ్‌లో డీఫాల్ట్‌గా పవర్ బటన్‌కి జీపీఐఓ 23, రీసెట్‌కి 27, పవర్ లైటు చదవడానికి 24, హార్డ్‌డిస్క్ లైటుకి 22. డాక్యుమెంట్‌లో ఓమ్రాన్ జీ3వీఎమ్-61ఏ1 అనే చిన్న రిలేలు (కరెంటుతో ఆన్ ఆఫ్ అయ్యే స్విచ్‌లు) చెప్పారు. ఎస్‌పీ రోడ్‌లో నేను అడిగిన మూడు షాపుల్లోనూ లేవు. "అన్నా ఆ నంబర్ లేదు, ఇది తీసుకో, ఇదే అందరూ తీసుకుంటారు" అని నీలం రంగు రిలే మాడ్యూల్ ఇచ్చారు, ₹120. రిలేనే కదా అని తీసుకున్నా.

18 రాత్రి పీసీలో రెండర్ నడుస్తుండగానే వైర్లు తగిలించా. పై రీస్టార్ట్ చేశా. పైకేవీఎమ్ సర్వీసు లేవగానే రిలే టిక్ అంది, టిక్ అని అలాగే ఉండిపోయింది. నాలుగు సెకన్లు, పీసీ ఫ్యాన్లు ఆగిపోయాయి. తొమ్మిది గంటల రెండర్. దాన్ని ఫ్రేములుగా కాకుండా నేరుగా వీడియో ఫైల్‌గా పెట్టి ఉన్నా, మిగిలింది తెరుచుకోని ఫైలు. శుక్రవారం ఇవ్వాల్సిన పని, క్లయింట్‌కి ఫోన్ చేసి రెండు రోజులు టైమ్ అడగాల్సి వచ్చింది.

ఎందుకు జరిగిందంటే, ఈ నీలం మాడ్యూళ్ళు ఎక్కువగా యాక్టివ్ లో రకం, పిన్ సున్నాకి పోతే రిలే ఆన్ అవుతుంది. పైకేవీఎమ్ లెక్క దానికి ఉల్టా, ఏమీ నొక్కనప్పుడు పిన్ సున్నాలో ఉంచుతుంది. అంటే సర్వీసు లేచిన దగ్గర్నుంచి నా పవర్ బటన్‌ని ఎవరో వేలితో నొక్కిపెట్టినట్టే. నాలుగు సెకన్లు దాటి నొక్కితే పీసీ ఏదీ అడగకుండా ఆగిపోతుందని మనందరికీ తెలిసిందే.

మార్చినవి: మాడ్యూల్ పక్కన పెట్టి పీసీ817 ఆప్టోకప్లర్లు (లోపలి లైటుతో ఆన్ అయ్యే చిన్న స్విచ్‌లు) నాలుగు తెచ్చా, ఒక్కోటి ₹10. ఇవి పిన్ 3.3 వోల్టులకి పోయినప్పుడే ఆన్ అవుతాయి. పై ఆన్ అయ్యే క్షణంలో జీపీఐఓ 9 నుంచి 27 దాకా పిన్నులు డీఫాల్ట్‌గా పుల్ డౌన్‌లో, అంటే సున్నా వైపు లాగి ఉంటాయి కాబట్టి బూట్ అయ్యేటప్పుడు కూడా ఊరికే నొక్కుకోదు. 0 నుంచి 8 దాకా పుల్ అప్, అంటే 3.3 వోల్టుల వైపు, వాటిని బటన్‌కి అస్సలు వాడొద్దు.

1. జీపీఐఓ 23 నుంచి 390 ఓమ్‌ల రెసిస్టర్, అక్కణ్ణుంచి పీసీ817 మొదటి పిన్
2. రెండో పిన్ పై గ్రౌండ్‌కి
3. నాలుగో పిన్ మదర్‌బోర్డు పవర్ స్విచ్ ప్లస్‌కి, మూడో పిన్ మైనస్‌కి
4. ఏది ప్లస్ అనేది మీటర్‌తో చూడాలి, నా బోర్డులో రెండు పిన్నుల మధ్య 3.3 వోల్టులు వచ్చింది
5. రీసెట్‌కి 27 నుంచి ఇదే పద్ధతి

లెక్క కూడా వేసుకున్నా: 3.3లో లోపలి ఎల్‌ఈడీకి 1.2 పోతే 2.1, దాన్ని 390తో భాగిస్తే 5.4 మిల్లీఆంప్స్, పై పిన్‌కి అది బరువు కాదు. నొక్కినప్పుడు బోర్డు వైపు 0.15 వోల్టులకి దిగింది, బటన్ నొక్కినట్టు బోర్డుకి అది చాలు.

పవర్ లైటు చదివేది మాత్రం వెబ్ పేజీలో ఎప్పుడూ ఆఫ్ చూపించింది. ప్లస్ మైనస్ తిరగబడ్డాయి, మార్చితే ఆకుపచ్చ వచ్చింది. పై వైపు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ని గ్రౌండ్‌కి వేయడం మర్చిపోకండి, లేకపోతే పిన్ గాల్లో తేలుతూ ఆన్ ఆఫ్ అని పిచ్చిగా చూపిస్తుంది.

ఈసారి టెస్ట్ పీసీలో ఏ పనీ లేనప్పుడు చేశా. పై ముప్పైసార్లు రీస్టార్ట్, పీసీ ఒక్కసారి కూడా కదల్లేదు.

రిలే మాడ్యూల్ ₹120, పీసీ817లు ₹40, డాట్ బోర్డు, రెసిస్టర్లు, వైర్లు ₹150.
ఇప్పటిదాకా ఖర్చు: ₹10,450

స్టేజ్ 5: వేడి (మార్చి 24)

చిన్న విషయం, త్వరగా చెప్పేస్తా. మూత ఉన్న ప్లాస్టిక్ స్వీట్ డబ్బాలో పెట్టా, నలభై నిమిషాలు వీడియో చూస్తే 79 డిగ్రీలు. 80 దగ్గర పై తనను తాను స్లో చేసుకోవడం మొదలుపెడుతుంది. మూతకి రంధ్రాలు, ఒక హీట్ సింక్, 5 వోల్టుల చిన్న ఫ్యాన్, ₹220. అదే టెస్ట్‌లో 54 డిగ్రీలు.

ఇప్పటిదాకా ఖర్చు: ₹10,670

స్టేజ్ 6: బయటి నుంచి చేరుకోవడం (మార్చి 25 నుంచి 30)

రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి లోపలి మెషీన్‌కి దారి తెరవడం) పెట్టి రెండు సాయంత్రాలు వేస్ట్ చేసుకున్నా. చివరికి రౌటర్ పేజీలో నా వాన్ అడ్రస్ (రౌటర్‌కి ఇంటర్నెట్ వైపు ఉండే అడ్రస్) చూస్తే 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి ఇంటర్నెట్ కంపెనీలు కస్టమర్లందరినీ ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెట్టడానికి వాడే అడ్రస్‌లు. మీ రౌటర్‌లో కూడా అలాగే ఉంటే పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి పోవద్దు, బయటి నుంచి తలుపే లేదు. ఉన్నా కూడా ఇలాంటి డబ్బాని నేరుగా నెట్‌లో పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం, దీంట్లోకి వచ్చినవాడు మీ కీబోర్డు ముందు కూర్చున్నట్టే.

టెయిల్‌స్కేల్ (మన మెషీన్లన్నిటినీ ఒక ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే యాప్) వేశా, పైలో ఒకటి, ఫోన్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి. పైకేవీఎమ్ కార్డు మామూలుగా రీడ్ ఓన్లీలో ఉంటుంది, కరెంటు టక్కున పోయినా కార్డు పాడవకుండా. కాబట్టి ఏదైనా ఇన్‌స్టాల్ చేసే ముందు రైట్ మోడ్‌కి మార్చాలి, అయ్యాక మళ్ళీ వెనక్కి పెట్టాలి. అంతకన్నా ముందు పాస్‌వర్డ్‌లు మార్చండి, వెబ్‌కి అడ్మిన్ అడ్మిన్, లోపల రూట్ రూట్, ఇవి లోకమంతా తెలిసినవే. ఇంకో మాట, దీన్ని మీ సొంత పీసీకే పెట్టుకోండి, ఆఫీస్ మెషీన్‌కి అడక్కుండా తగిలిస్తే ఉద్యోగానికే ముప్పు.

29 పొద్దున టెయిల్‌స్కేల్ లాగిన్ చేసి మధ్యాహ్నం బస్సెక్కా. బస్సు బయల్దేరే ముందు మెయిన్ స్విచ్ ఆపి వేసే టెస్ట్ ఒకటి చేసుంటే బాగుండేది, చేయలేదు. ఉగాది రోజు పొద్దున మదనపల్లెలో ఫోన్ తీసి చూస్తే పేజీ వచ్చింది, బొమ్మ లేదు. పవర్ లైటు మాత్రం ఆకుపచ్చ. అమ్మ పచ్చడి గిన్నె పట్టుకుని నిలబడింది, "ఏందిరా, పండగపూట కూడా దాన్నే చూస్తా కూర్చున్నావా, ముందు నోట్లో పెట్టుకో" అని. తిన్నాక రూమ్మేట్‌ని అడిగితే పొద్దున ఆరింటికి కరెంటు పోయి వచ్చిందన్నాడు.

జరిగింది ఇది. బయాస్‌లో కరెంటు రాగానే పీసీ ఆన్ అయ్యేలా నేనే పెట్టా. మానిటర్ తాను ఏంటో కార్డుకి చెప్పుకునే చిన్న సమాచారం ఉంటుంది, ఈడిఐడి అంటారు, టీసీ358743లో అది పై బూట్ అయ్యాక లోడ్ అవుతుంది, కరెంటు పోతే చెరిగిపోతుంది. పై లేవడానికి 33 సెకన్లు పట్టింది, పీసీ 6 సెకన్లలో బయాస్ దాటేస్తుంది. అంటే పీసీ లేచి చూసే సమయానికి అటువైపు స్క్రీన్ అనేదే లేదు. ఆ రోజు మానిటర్ కూడా ప్లగ్ తీసి ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో ఏదో తిప్పి దీన్ని సరిచేయొచ్చు కానీ నాకు తిన్నటి దారే నచ్చింది. బయాస్‌లో కరెంటు వచ్చినప్పుడు ఆఫ్‌లోనే ఉండేలా మార్చా. ముందు పై లేస్తుంది, అప్పుడు నేను ఫోన్‌లో పవర్ నొక్కుతా. రూమ్‌కి తిరిగొచ్చాక మెయిన్ స్విచ్ పదిసార్లు ఆపి వేశా, పదికి పది బయాస్ మొదటి లైను నుంచి కనపడింది.

రౌటర్‌ది ఇంకో కథ. కరెంటు రెండు మూడుసార్లు టకటకా పోయి వస్తే అది లైట్లు వెలుగుతూ నెట్ పట్టుకోకుండా కూర్చుంటుంది. 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టా, ₹1,400.

ఇప్పటిదాకా ఖర్చు: ₹12,070

ఆరు నెలల తర్వాత (సెప్టెంబర్ 25)

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా రాయడానికి ఏమీ లేదు, పనిచేసింది. కరెంటు పోయిన ప్రతిసారీ ఊళ్ళో నుంచే లేపా. జూలైలో విండోస్ అప్‌డేట్ చెడిపోతే పైలో పెట్టిన విండోస్ ఐఎస్ఓ ఫైల్‌ని (ఇన్‌స్టాల్ డిస్క్ కాపీ) పీసీకి పెన్‌డ్రైవ్‌లా చూపించి రిపేర్ కూడా చేశా, మదనపల్లెలో మా మేడ మీద కూర్చుని.

దసరాకి ఇంటికొచ్చిన మర్నాడు పై మాయమైంది. టెయిల్‌స్కేల్ పేజీలో దాని పేరు పక్కన ఎక్స్‌పైర్డ్ అని ఉంది. లాగిన్ అయిన ప్రతి మెషీన్ కీకి డీఫాల్ట్‌గా 180 రోజులే గడువు. మార్చి 29 నుంచి లెక్కపెట్టి చూడండి, సరిగ్గా సెప్టెంబర్ 25. ఇలాంటి డబ్బాలకి ఆ గడువు ఆఫ్ చేసుకునే ఆప్షన్ ఉంది, నేనే చేయలేదు.

మళ్ళీ రూమ్మేట్‌కే ఫోన్. వాడు ల్యాప్‌టాప్‌లో రూమ్ వైఫై మీదే పైకేవీఎమ్ తెరిచి, టెర్మినల్‌లో నేను ఒక్కో అక్షరం చెప్తుంటే కొట్టి, వచ్చిన లింకు నాకు పంపితే నేను లాగిన్ చేశా. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. వెంటనే గడువు ఆఫ్ చేశా. మీరు టెయిల్‌స్కేల్ వేసిన రోజే ఆఫ్ చేయండి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. ఆ పేజీకి మీ అకౌంట్ ఒక్కటే కాపలా కాబట్టి అకౌంట్‌కి రెండంచెల లాగిన్ కూడా పెట్టండి.

లెక్కలు (అక్టోబర్ 12)

మొత్తం: ₹12,070
ఇందులో వాడకుండా పడున్నవి: డాంగిల్ ₹650, రిలే మాడ్యూల్ ₹120, కలిపి ₹770
అవే ధరల్లో మళ్ళీ కడితే అయ్యేది: ₹11,300

నిన్న రాత్రి కరెంటు పోయింది, నేను ఊళ్ళోనే ఉన్నా. 2:41కి వచ్చినట్టు పై లాగ్‌లో ఉంది. 2:42కి పై ఆన్‌లైన్. మెలకువ వచ్చి నేను 5:50కి ఫోన్‌లో పవర్ నొక్కా, 5:51కి విండోస్, రెండర్ ఆగిన 212వ ఫ్రేమ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టా. ఇప్పుడు వీడియోగా కాదు, ఫ్రేములుగానే పెడుతున్నా.

మిగిలింది హార్డ్‌డిస్క్ లైటు. నాలుగో పీసీ817 డాట్ బోర్డు మీద సోల్డర్ అయ్యే ఉంది, వైరు ఇంకా లాగలేదు. వచ్చే వారం క్యాబినెట్ తెరిచినప్పుడు జీపీఐఓ 22కి కలుపుతా.